అసమదీయులు, గింబళి: ‘మాయాబజార్’ మాటల వెనక లెక్క

ప్రశ్న: ‘మాయాబజార్’ (1957)లో చినమయ్య పాఠం చెప్పే దృశ్యం ఉంది కదండీ. అందులో శిష్యుడు అస్మదీయులు (మనవాళ్లు) అనాల్సింది ‘అసమదీయులు’ అంటాడు, పరాయివాళ్లను ‘తసమదీయులు’ అంటాడు. ‘అసమదీయులు’ నోరు తిరగక వచ్చిన తప్పేనా, మాటల రచయిత పింగళి నాగేంద్రరావు గారు లెక్క చూసి రాశారా? ‘తసమదీయులు’ సంస్కృతంలో ఉందా?

జవాబు: నోరు తిరగకపోవడానికీ పద్ధతి ఉంటుందండీ. స్మ మధ్య అకారం చొప్పించడం స్వరభక్తి. రత్నం రతనమైనదీ, యత్నం జతనమైనదీ ఈ దారినే. ఇక మాత్రలు, అంటే పలకడానికి పట్టే కాలం, లెక్కపెట్టండి. పొట్టి అక్షరం లఘువు, దానికి 1; దీర్ఘమో, ఒత్తక్షరం ముందున్నదో అయితే గురువు, దానికి 2. అస్మదీయులు: 2+1+2+1+1, మొత్తం 7. అసమదీయులు: 1+1+1+2+1+1, అదీ 7. గురువు విడిపోయి రెండు లఘువులయింది, నడక చెడలేదు. అదే పాఠంలోని ‘దుష్టచతుష్టయము’ 9 మాత్రలైతే ‘దుషట చతుషటయము’ వరసగా తొమ్మిది లఘువులు. అగ్ని అగ్గి అయినట్టు ద్విత్వం చేసి ‘అమ్మదీయులు’ అనిపించి ఉంటే? అసలు మాట చెవికి అందేది కాదు, హాస్యం అక్కడే చచ్చేది.

తసమదీయులు మాత్రం సంస్కృతంలో లేదు. అస్మద్ నుంచి అస్మదీయ, యుష్మద్ నుంచి యుష్మదీయ, తద్ నుంచి తదీయ వస్తాయి. శిష్యుడు అ తీసి త పెట్టాడంతే. వ్యాకరణం ప్రకారం పాఠం చెప్పే చినమయ్యదే ఒప్పు. కానీ ఘటోత్కచుడు శిష్యుడి పక్షం: మాటలు ఎవరో ఒకరు పుట్టిస్తేనే కదా పుట్టేది! పైగా వీరతాడు వేయించాడు. ఆ బహుమానం పేరూ అలాంటిదే, సంస్కృతం వీర, తెలుగు తాడు కలిసిన మిశ్రసమాసం. ‘వీరహారం’ అని ఉంటే ఎవరికి గుర్తుండేది?

మరో జవాబు: నన్నడిగితే అంతకన్నా గట్టి పని అదే సినిమాలో కంబళికి జంటగా వచ్చిన గింబళి, తల్పానికి జంటగా వచ్చిన గిల్పం. తెలుగులో ఏ మాటకైనా జంట కట్టాలంటే మొదటి అక్షరం తీసి గి పెడతాం, దీర్ఘముంటే గీ: పులి గిలి, పాలు గీలు. మిగతా భాగం కదలదు. అందుకే కంబళిలోని సున్న గింబళిలోనూ నిలిచింది, తల్పంలోని ల్ప గిల్పంలోనూ నిలిచింది. (గి తోనే మొదలయ్యే మాటల దగ్గర ఈ సూత్రం బోల్తా పడుతుంది. గిన్నె గిన్నె అనలేం, గిన్నెలూ చెంబులూ అనాల్సిందే.)

ఈ గి మాటకు విడిగా అర్థం లేదు, ‘వగైరా’ అని చెప్పి తప్పుకుంటుంది. పింగళి దాన్నే వస్తువు చేసి మగపెళ్లివారి విడిదిలో పెట్టారు. గింబళి అడుగేసినవాణ్ణి నిలవనివ్వదు, గిల్పం పడుకున్నవాణ్ణి పడుకోనివ్వదు. ఇది మాయల విడిది అని వేరే సంభాషణతో చెప్పే అవసరమే రాలేదు. వేరే భాషలో తీసేవాళ్లు ఈ ముక్క దగ్గర ఏం చేస్తారో పాపం!

అడిగినవారు: మరి పత్రికల్లో ‘తస్మదీయులు’ అని కనిపిస్తుందేం?

జవాబు: అదే తమాషా అండీ. అసమదీయులు అస్మదీయులకు వికృతి కాబట్టి తసమదీయులకూ ఓ శుద్ధరూపం ఉండి తీరాలనుకుని సకు మ ఒత్తు తగిలించారు. సంస్కృతంలో లేని మాటకు సంస్కృత వేషం వేశారన్నమాట. వార్తలో పరాయి పక్షం వాళ్లని చెప్పాలంటే తసమదీయులు అనే రాయండి, సినిమాలోది అదే.