పోత ఇనుము గ్రిల్ జాలీకి తుప్పు, మాడిన జిడ్డు: వైర్ బ్రష్ లేకుండా ఎలా వదిలించాలి?

అందరికీ నమస్కారం. మా బార్బెక్యూ గ్రిల్ జాలీ పోత ఇనుముది. ఊచల పైభాగం నల్లగా, నున్నగానే ఉంది. అడుగున మాత్రం మాడిన జిడ్డు పేరుకుపోయి, గోటితో గీకితే పెచ్చులుగా లేస్తోంది. ఊచలు కలిసే మూలల్లో ఎర్రటి తుప్పు కూడా మొదలైంది.

వైర్ బ్రష్ మాత్రం వద్దండి. దాని తీగముక్క ఊడి తిండిలో పడితే గొంతులోనో పేగుల్లోనో గుచ్చుకునే ప్రమాదం ఉంది, ఇంట్లో చిన్నపిల్లలున్నారు. ప్రస్తుతం జాలీని నిప్పుల మీద బాగా కాల్చి, ఉండచుట్టిన అల్యూమినియం ఫాయిల్‌ని పట్టకారుతో పట్టుకుని రుద్దుతున్నాను. పైన పోతోంది, అడుగున కదలట్లేదు.

తుప్పుకి వెనిగర్‌లో నానబెట్టొచ్చా? ఎక్కువసేపు ఉంచితే ఇనుమునే తినేస్తుంది కదా, ఎప్పుడు తీసేయాలి? తర్వాత నూనె రాసి కాల్చేటప్పుడు జిగురు కట్టకుండా ఎంత పల్చగా పట్టించాలి? చేసి చూసినవాళ్లు దయచేసి చెప్పండి.