అయిదు రోజుల డేరా శిబిరం పిల్లవాడికి నిజంగా ఏమి నేర్పుతుంది?

కాకినాడ నుంచి ఒక తల్లి:

అందరికీ నమస్కారం. మా అబ్బాయికి పదకొండేళ్లు, ఆరో తరగతి చదువుతున్నాడు. వాడి బడిలో స్కౌట్ దళం ఉంది. సంక్రాంతి సెలవులయ్యాక మారేడుమిల్లి వైపు అయిదు రోజులు డేరాల్లో శిబిరం పెడతామని, పిల్లల్ని పంపేవారు నెలాఖరులోగా సమ్మతి పత్రం ఇవ్వాలని కబురు పంపారు. శిబిరం వల్ల జీవన నైపుణ్యాలు పెంపొందుతాయని ఆ కాగితంలో ఒక్క వాక్యం రాశారు. ఆ నైపుణ్యాలేమిటో, అవి ఎలా వస్తాయో అందులో ఎక్కడా లేదు.

వాడి చదువు గురించి నాకు దిగులు లేదు. మొన్న టిఫిన్ హోటల్లో ఇడ్లీ తింటుండగా పచ్చడి అయిపోతే, రెండడుగుల దూరంలో నిలబడి ఉన్న సర్వర్‌ను అడగలేక నా కొంగు పట్టుకుని లాగాడు. బూట్ల లేసులు ఇప్పటికీ నేనే కడుతున్నాను, పుస్తకాల సంచీ నేనే సర్దుతున్నాను. తప్పు నాదేనని తెలుసు, కానీ పొద్దున్న ఏడున్నరకు బస్సు వచ్చేలోగా అన్నీ కావాలంటే నా చేత్తో చేసెయ్యడమే సులువుగా ఉంటుంది. చలిలో, దోమల్లో పసివాణ్ణి పడుకోబెడతారా అని మా అత్తగారు వద్దంటున్నారు. అయిదు రోజుల పాఠాలు పోతాయని మావారు అంటున్నారు. ఇంట్లో ఇన్నేళ్లుగా రానిది అక్కడ అయిదు రోజుల్లో ఏమి వస్తుంది? ఒకవేళ వచ్చినా అది నిలుస్తుందా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

పాత స్కౌట్ మాస్టారు:

అమ్మా, నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో పాఠాలు చెబుతూ ఇరవై రెండేళ్లు స్కౌట్ దళాలను నడిపి పదవీ విరమణ చేసినవాణ్ణి. హోటల్లో పచ్చడి సంగతి మీరు రాశారు కనుక దానికి దగ్గరగా ఉన్న ఒక సంఘటన చెబుతాను.

ఒక శిబిరంలో ఒక దళానికి కట్టెల బాధ్యత ఏడో తరగతి పిల్లవాడి మీద పడింది. ఇక్కడ దళమంటే శిబిరంలోని చిన్న జట్టు, ఆరు నుంచి ఎనిమిది మంది పిల్లలు, వారికి వారిలోనే ఒక నాయకుడు. ఆ బాబు తరగతిలో నోరు విప్పడం నేను అంతవరకు వినలేదు. ముందు రోజు సాయంత్రం ఏరిన పుల్లలను మిగతా దళాలవారు గ్రౌండ్ షీట్ (నేల మీద పరిచే పట్టా) కింద దాచుకున్నారు, ఈ బాబు మాత్రం ఆరుబయట వదిలేశాడు. తెల్లవారేసరికి మంచుకు తడిసి ముద్దయ్యాయి. బియ్యం కడిగి గిన్నె పొయ్యి మీద పెట్టారు గాని ఎంత ఊదినా పొగే తప్ప మంట లేదు. ఎనిమిది మంది కళ్లూ ఎర్రబడ్డాయి, నాయకుడు విసుక్కున్నాడు, ఒకడు నా వైపు చూశాడు. నేను చింతచెట్టు కింద కూర్చుని కదలలేదు. లేచి వెళ్లి రెండు నిమిషాల్లో మంట వేసి ఇవ్వగలిగి కూడా నలభై నిమిషాలు అలా కూర్చోవడం ఎంత కష్టమో, రోజూ లేసులు కట్టే మీకు నేను వేరే చెప్పనక్కరలేదు. చివరికి ఆ బాబే లేచి పక్క దళం దగ్గరకు వెళ్లి, నాలుగు ఎండు పుల్లలు, కాసిని నిప్పులు ఇమ్మని అడిగాడు. వాళ్లు ఇచ్చారు. అన్నం రెండున్నరకు అయింది, అదీ అడుగంటింది. మర్నాడు సాయంత్రం ఎవరూ చెప్పకుండానే కట్టెలన్నీ డేరాలోకి చేరాయి.

అక్కడ ఎవరూ వాడికి ఉపన్యాసం ఇవ్వలేదు. వాడు నిర్లక్ష్యం చేస్తే ఏడుగురికి అన్నం ఆలస్యమైంది, వాడు నోరు తెరిచి అడిగితే ఏడుగురూ తిన్నారు. ఇంట్లో ఇది ఎందుకు జరగదంటే, ఇంట్లో పిల్లవాడు చేయకపోయినా పని ఆగదు. శిబిరంలో నిజమైన పని ఒకటి వాడి వంతుకు వస్తుంది, వాడు చేయకపోతే అది ఆగిపోతుంది. నా దృష్టిలో శిబిరం చేసే మేలుకు మూలం ఇదే. కొండలు, అడవులు, పాటలు, చలిమంట ఇవన్నీ బాగుంటాయి, కానీ అవి దీని తరువాతివే.

ఈ పద్ధతి కొత్తది కాదు. 1907 ఆగస్టులో స్కౌట్ ఉద్యమ స్థాపకుడు బేడెన్ పావెల్ ఇంగ్లండులోని బ్రౌన్సీ దీవిలో ఇరవై మంది వరకు అబ్బాయిలతో మొదటి ప్రయోగాత్మక శిబిరం నడిపినప్పుడు, సంపన్నుల బడుల పిల్లలను, శ్రామిక కుటుంబాల పిల్లలను కలిపి నాలుగు దళాలుగా విడదీసి, ఒక్కొక్క దళాన్ని దాని నాయకుడికే అప్పగించాడు. మన దేశంలో వేర్వేరుగా ఉన్న స్కౌట్ సంస్థలు 1950 నవంబరు 7న కలిసి భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌గా ఏర్పడ్డాక కూడా దళ పద్ధతే కొనసాగింది. స్కౌట్ శిక్షణలో మీ అబ్బాయి ప్రవేశ్, ప్రథమ సోపాన్, ద్వితీయ సోపాన్ అంటూ మెట్టు మెట్టుగా ఎక్కుతాడు. అక్కడ నేర్చుకునే రీఫ్ ముడి, క్లోవ్ హిచ్ వంటి తాడు ముడులు పరీక్ష కోసమని పిల్లలు మొదట అనుకుంటారు. డేరా కట్టేటప్పుడు వాటి ఉపయోగం తెలుస్తుంది. నూలుతాడు మంచుకు తడిస్తే బిగుసుకుని మేకును పీకేస్తుంది కనుక పడుకునే ముందు తాళ్లు కాస్త వదులు చేయాలి. ఆ మాట మరచిన దళం తెల్లవారుజామున కూలిన డేరా కింద లేస్తుంది, ఆ తరువాత జన్మలో మరవదు.

మీ అత్తగారి మాట కొట్టిపారేయదగినది కాదు. ఏజెన్సీ ప్రాంతంలో మలేరియా ఉంది. దోమతెరలు ఎన్ని తీసుకువెళుతున్నారో అడగండి, లేదంటే మీరే ఒకటి ఇవ్వండి.

భువనగిరి రాళ్ల దగ్గర శిక్షకుడు:

మాస్టారు చెప్పినదానికి నా వైపు నుంచి కొంత చేరుస్తాను. నేను పిల్లలకు రాళ్లు ఎక్కడం నేర్పుతాను. మా దగ్గరకు వచ్చే తల్లిదండ్రులు ఎక్కువగా అడిగేది, మా పిల్లవాడికి భయం పోతుందా అని. భయం పోకూడదు. ఎత్తున నిలబడినప్పుడు భయం వేయడం ఆరోగ్యకరమైన విషయం. భయం వేస్తున్నా తరువాతి పట్టు ఎక్కడుందో చూడగలగడం, కాళ్లు వణుకుతుంటే కింద ఉన్నవాడికి ఆ మాట చెప్పగలగడం, ఈ రోజుకు చాలు దిగుతానని సిగ్గుపడకుండా అనగలగడం, ఇవి నేర్పవలసినవి.

పిల్లలను ఎక్కువగా మార్చేది ఎక్కడం కాదని నేను గమనించాను. అది బిలే ఇవ్వడం, అంటే పైకి ఎక్కే తోటివాడి తాడును కింద నిలబడి పట్టుకోవడం. ఎక్కేవాడు జారితే ఆపవలసినది ఆ చేతులే. పన్నెండేళ్ల పిల్ల చేతికి ఆ తాడు ఇచ్చినప్పుడు, వెనుక మరొకరు తాడు చివర పట్టుకుని ఉంటారు, శిక్షకుడు పక్కనే ఉంటాడు, కనుక ప్రమాదం లేకుండా చూసుకుంటాము. కానీ ఆ పిల్లకు తెలిసినంతవరకు స్నేహితురాలి బరువు తన చేతిలో ఉంది. అంతవరకు పక్కవాళ్లతో కబుర్లాడే పిల్ల ఆ పది నిమిషాలూ తల పైకెత్తి రెప్ప వేయకుండా చూస్తుంది. ఒకరు నన్ను నమ్ముకుని ఉన్నారన్న స్పృహను ఆ వయసులో ఇంత సూటిగా కలిగించే పని మరొకటి నాకు తెలియదు.

మాలావత్ పూర్ణ పేరు అందరికీ తెలుసు. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన ఆ అమ్మాయి, గురుకుల పాఠశాల విద్యార్థినిగా 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకముందే, టిబెట్ వైపు నుంచి ఎవరెస్ట్ ఎక్కింది. తోటి గురుకుల విద్యార్థి ఆనంద్ కుమార్ కూడా ఆమెతో ఎక్కాడు. ఆ సాహసాన్ని చెప్పుకునేటప్పుడు మనం శిఖరంతోనే ఆగిపోతాము. దాని మొదటి మెట్టు ఇక్కడి భువనగిరి బండ. ఆ తరువాత డార్జిలింగ్‌లోని పర్వతారోహణ సంస్థ, ఆ తరువాత లద్దాఖ్ చలి, ఆ తరువాతే ఎవరెస్ట్. ప్రతి మెట్టు దగ్గరా వడపోత జరిగింది. కనుక మొదటిసారి వెళ్లే పిల్లవాడికి అయిదు రోజుల శిబిరంలో జలపాతం నుంచి తాడుతో దింపడం, నది దాటించడం వంటివన్నీ ఒకేసారి చూపిస్తామని చెప్పే నిర్వాహకుల విషయంలో జాగ్రత్తగా ఉండండి. మీ అబ్బాయి బడివారు డేరా, వంట, నడకలతో సరిపెడుతుంటే అది లోటు కాదు, అదే మంచి ఆరంభం.

విజయవాడ అమ్మ:

ఇంతవరకు వచ్చిన మాటలన్నీ నిజమే అయినా, రెండో వైపు కూడా చెప్పాలి. మా అమ్మాయిని తొమ్మిదేళ్లప్పుడు ఒక ప్రైవేటు వేసవి శిబిరానికి పంపాము. పేరు రాయను. మొదటి రాత్రి భయంతో పక్క తడిపింది. తెల్లవారి ఆ సంగతి బయటపడి పిల్లలు నవ్వుతుంటే, అక్కడ ఉన్న కుర్ర శిక్షకుడు ఆపకపోగా తానూ నవ్వాడట. మిగతా మూడు రోజులు మా అమ్మాయి రాత్రి నీళ్లు తాగకుండా పడుకుంది. ఇంటికి వచ్చాక నెలన్నర వరకు ఈ మాట మాకు చెప్పలేదు, అది నాకు ఇప్పటికీ గుండెలో ముల్లులాగే ఉంది. అక్కడ కూడా డేరాలు ఉన్నాయి, చలిమంట ఉంది, ఆటలు ఉన్నాయి. లేనిదల్లా పిల్లల మనసు తెలిసిన ఒక పెద్దమనిషి.

అందుచేత కాగితం మీద ఏమి రాశారన్నది కాదు, రాత్రి పిల్లల దగ్గర పడుకునేది ఎవరో అడగండి. ఆడపిల్లలైతే మహిళా శిక్షకులు రాత్రి కూడా ఉంటారా, నెలసరి వస్తే ఎవరికి చెప్పాలి, మరుగుదొడ్డి ఎంత దూరం అని మొహమాటపడకుండా అడగాలి. నీటి విషయం మరీ ముఖ్యం. 2014 జూన్‌లో హిమాచల్ ప్రదేశ్ విహారయాత్రకు వెళ్లిన హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది బియాస్ నదిలో కొట్టుకుపోయారు. ఎగువన లార్జీ ఆనకట్ట నుంచి నీరు వదిలారన్న సంగతి ఒడ్డున రాళ్ల మీద నిలబడినవారికి తెలియదు. వాళ్లు పెద్ద పిల్లలే. ధైర్యం నేర్పడానికి తీసుకువెళ్లేవారికి ఆ చోటు గురించి, అక్కడి నీటి గురించి ముందే తెలిసి ఉండాలి.

ఇంత జరిగాక కూడా మా అమ్మాయిని పన్నెండేళ్లప్పుడు గైడ్స్, అంటే స్కౌట్స్‌లో ఆడపిల్లల విభాగం, శిబిరానికి పంపాము. అక్కడి గైడ్ కెప్టెన్ గారు ముందుగా మా ఇంటికి ఫోన్ చేసి, మీ అమ్మాయి గురించి నాకు తెలియవలసినది ఏమైనా ఉందా అని అడిగారు. ఆ ఒక్క ప్రశ్నతో నాకు ధైర్యం వచ్చింది.

డాలస్ నాన్న:

మేము అమెరికాలో ఉంటాము. ఇక్కడ వేసవిలో పిల్లలు వారం, రెండు వారాలు ఇల్లు వదిలి శిబిరాల్లో ఉండడం పాత అలవాటు, మన తెలుగు కుటుంబాలు మాత్రం ఆ డబ్బును గణితం తరగతికి పెట్టడానికే మొగ్గుతాయి. మేమూ అలాగే ఉండేవాళ్లము. ఫోన్లు లేకుండా ఉంటే పిల్లలకు ఏమవుతుందన్న దాని మీద ఇక్కడి లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారి అధ్యయనం ఒకటి 2014లో వెలువడింది. ఆరో తరగతి పిల్లలు 51 మందిని ఫోను, టీవీ, కంప్యూటర్ లేని ప్రకృతి శిబిరంలో అయిదు రోజులు ఉంచి, అదే బడికి చెందిన మరో 54 మందితో పోల్చారు. ఎదుటివారి ముఖం చూసి మనసు పసిగట్టడంలో శిబిరం పిల్లలు ఎక్కువ మెరుగయ్యారు. అది అడవి మహిమో, ఫోను లేకపోవడమో, రోజంతా తోటి పిల్లలతో మసలడమో ఆ ఒక్క అధ్యయనంతో విడదీసి చెప్పలేము. అయినా అయిదు రోజులు మరీ తక్కువేమో అన్న మీ సందేహానికి కొంత సమాధానం అందులో ఉంది.

నిలుస్తుందా అని మీరు అడిగిన రెండో ప్రశ్నకు మా ఇంటి అనుభవం చెబుతాను. మా అమ్మాయి శిబిరం నుంచి వచ్చిన మర్నాడు తిన్న కంచం తానే కడిగి బోర్లించింది, పక్క బట్టలు తానే మడిచింది. మేము మురిసిపోయాము. నాలుగో రోజు బడికి ఆలస్యమవుతోందని వాళ్లమ్మ కంచం చేతిలోంచి తీసుకుంది. వారం తిరిగేసరికి పాత పద్ధతే వచ్చేసింది. శిబిరం మీద అనుమానం రావలసిన అవసరం లేదు, తీసుకున్నది మేమే. రెండో ఏడాది వచ్చాక, ఆలస్యమైతే ఆలస్యమైందని రెండు పనులు పూర్తిగా దానికే వదిలేశాము. అవి ఇప్పటికీ నిలిచాయి.

కాకినాడ నుంచి ఒక తల్లి:

మాస్టారికి, మిగతా అందరికీ కృతజ్ఞతలు. నిన్న బడికి వెళ్లి విజయవాడ అమ్మగారు చెప్పినవన్నీ అడిగాను. ముప్పై రెండు మంది పిల్లలకు నలుగురు ఉపాధ్యాయులు వెళుతున్నారు, ఆ ఉపాధ్యాయుల్లో ఇద్దరు, పిల్లల డేరాల వరుసలోనే పడుకుంటారట. వాగులో దిగనివ్వరు. దోమతెరలు లేవన్నారు, మేమే ఇస్తాము. మావారు ఒప్పుకున్నారు. అత్తగారు ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు గాని, మనవడికి ఉన్ని టోపీ కొనాలని మాత్రం అన్నారు. మాస్టారూ, ఇంకా నెల రోజులుంది. ఈలోగా మేము చేయవలసినది ఏమైనా ఉందా? వాడు అక్కడ ఏడిస్తే ఏమి చేయాలి?

పాత స్కౌట్ మాస్టారు:

రెండు శనివారాలు అమ్మమ్మగారి ఇంట్లోనో, పిన్నిగారి ఇంట్లోనో మీరు లేకుండా పడుకోబెట్టండి. బెంగ సాధారణంగా మొదటి రెండు రాత్రులు, దీపాలు ఆర్పాక వస్తుంది. పగలు పనిలో పడితే తగ్గుతుంది. బెంగపడితే వెంటనే వచ్చి తీసుకువెళతానని మాత్రం ముందుగా మాట ఇవ్వకండి, ఆ మాట ఇస్తే పిల్లవాడు అయిదు రోజులూ దాని కోసమే ఎదురుచూస్తాడు. ఏడుపు రావచ్చు, వస్తే మాస్టారికి చెప్పు, ఆయన అందుకే ఉన్నారు అని చెప్పండి.

సంచీ వాడి చేతే సర్దించండి. ఏమి కావాలో జాబితా వాడే రాసుకోవాలి, వాడే పెట్టుకోవాలి, టార్చి సంచీలో ఎక్కడుందో చీకట్లో తడిమి తీయగలగాలి. ఏదైనా మరచిపోయినట్టు మీకు కనిపిస్తే, మందులూ దోమతెరా తప్ప మిగతాది కనిపించనట్టే ఊరుకోండి. సబ్బు మరచిపోయినవాడు పక్కవాణ్ణి అడుగుతాడు.