పత్రికల ఇంకు నుంచి ప్యాకేజింగ్ ఇంకుకు మారాలా? (స్విట్జర్లాండ్)

ప్రశ్న:
పదకొండేళ్లుగా ఇక్కడ పత్రికల ప్రెస్‌లో వెబ్ ఆఫ్‌సెట్ (చుట్టల కాగితం మీద అచ్చువేసే యంత్రం) మీద పనిచేస్తున్నాను. 2024 ఆగస్టులో పత్రికల సంస్థ టామీడియా వాళ్లు బుస్సిన్యీ, జ్యూరిక్ ప్రెస్‌లు మూసేసి బెర్న్ ఒక్కటే ఉంచుతామన్నప్పటి నుంచి మా షిఫ్టులో అందరికీ టెన్షనే. మా నల్ల ఇంకు వాడకం ఏటేటా తగ్గిపోతోంది. ప్యాకేజింగ్‌లోకి వెళ్తే ఇంకు పని నిలుస్తుందా?

జవాబు 1:
నిలుస్తుందండీ. కాకపోతే అది వేరే చదువు. నేను ఆహారపు డబ్బాలు అచ్చువేసే చోట ఇంకు కలుపుతాను. 2005లో ఇటలీలో పసిపిల్లల పాలలో డబ్బా మీది అచ్చు నుంచి దిగిన ఐటీఎక్స్ అనే పదార్థం దొరికింది. అది యూవీ ఇంకుల్లో (అతినీలలోహిత కాంతితో గట్టిపడేవి) వాడేది. ఆ తర్వాతే ఈ దేశం ఆహార ప్యాకింగ్ ఇంకుల్లో ఏమేం వాడొచ్చో జాబితా కట్టి 2010లో అమల్లో పెట్టింది. భద్రత పూర్తిగా తేల్చని పదార్థమైతే కిలో ఆహారంలోకి 0.01 మిల్లీగ్రాము కూడా దిగకూడదని గీత గీసింది. దేశం చిన్నదే, కానీ ఈ జాబితాను యూరప్ అంతటా ఇంకు తయారీదార్లు చూసుకుంటారు. జర్మనీ ఇలాంటి నిబంధనను 2021లోగానీ ప్రకటించలేదు. అందుకే ఇక్కడ గిరాకీ లో-మైగ్రేషన్ ఇంకులకే, అంటే ఆహారంలోకి చాలా తక్కువగా దిగేవాటికే. డబ్బా మారితే పత్రాలన్నీ మళ్లీ చూడాలి, నాకు సగం రోజు అందులోనే పోతుంది.

ఇంకో మాట. మీ పత్రికల ఇంకు ఆరదు, కాగితంలోకి ఇంకుతుంది. అందులోని మినరల్ ఆయిల్ (పెట్రోలియం నూనె) పాత పేపర్లతో రీసైకిల్ అట్టలోకి చేరి, అక్కణ్నుంచి లోపలి తిండికి పాకుతోందని గట్టిగా చూపించింది జ్యూరిక్ కంటోనల్ ల్యాబ్ (అక్కడి రాష్ట్ర ప్రభుత్వ ఆహార పరీక్షశాల) వాళ్లే. ఆ ఇంకు గుణం చేతులతో తెలిసినవాళ్లు మాకు కావాలి.

జవాబు 2:
ప్యాకేజింగ్‌లో వాడే ఫ్లెక్సో, గ్రావ్యూర్ అచ్చు పద్ధతులైతే సాల్వెంట్ (ఇంకులో కలిపే ద్రావకం) ఖర్చు చూసుకోండి. గాల్లోకి ఆవిరయ్యే సాల్వెంట్ మీద ఇక్కడ కిలోకి 3 ఫ్రాంకుల పన్ను ఉంది. మా యజమాని నీటి ఇంకులకు మారడానికి అదే పెద్ద కారణం. ప్లాస్టిక్ ఫిల్మ్ మీద మాత్రం నీటి ఇంకు నెమ్మదిగా ఆరుతుంది, స్పీడ్ తగ్గించాల్సి వచ్చింది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. ఎల్‌ఈడీ యూవీ (ఎల్‌ఈడీ దీపాల యూవీ కాంతితో ఇంకును గట్టిపరచడం) నేర్చుకుంటే ఉపయోగమా?

జవాబు 1:
నేర్చుకోండి, కానీ టీపీఓ సంగతి తెలుసుకుని వెళ్లండి. ఎల్‌ఈడీ కాంతి తగలగానే ఇంకును గట్టిపరిచే పదార్థమది. 2023 జూన్‌లో యూరోపియన్ యూనియన్ దాన్ని అత్యంత ఆందోళనకరమైన పదార్థాల జాబితాలో చేర్చింది. ఇంటర్వ్యూలో మీ ఇంకుల్లో దాని బదులు ఏం వాడుతున్నారని మీరే అడగండి. అక్కడ పని ఎలా జరుగుతుందో వాళ్ల జవాబులోనే తెలిసిపోతుంది.