కథ చెప్పేవాడికే రహస్యం తెలిస్తే, పాఠకుడి దగ్గర ఎలా దాచాలి?

చిత్తుప్రతి:
సస్పెన్స్ నవల, 70 వేల పదాలు. 20 ఏళ్ళ తర్వాత ఐదుగురు పాత స్నేహితులు కలుస్తారు. ఆరోవాడు అప్పట్లో చెరువులో పడి చనిపోయాడని అందరూ నమ్మారు. అసలు సంగతి ఈ ఐదుగురికే తెలుసు. వాళ్ళలో ఒకడు "నేను" అంటూ కథ చెబుతాడు. గుట్టు 60 వేల పదాల దగ్గర విప్పాను. చదివిన ముగ్గురూ "ఇది మోసం" అన్నారు. ఎక్కడ తేడా కొట్టింది?

ఎర్రకలం:
60 వేల దగ్గర కాదండీ, మొదటి పేజీలోనే. కాఫీ చల్లారిందని కూడా మనకు చెప్పే మనిషి, ఆ చావు గురించి మాత్రం ఒక్కసారీ తలుచుకోడా? "ఆ రాత్రి సంగతి ఎవరికీ తెలియకూడదు" లాంటి వాక్యాలు ఎన్నున్నాయో లెక్కపెట్టండి. రెండు దాటితే అది ఊరించడమే.

సగం ముందే ఇచ్చేయండి. 10 వేల పదాల లోపే "వాడు మునుగుతుంటే మేం ఒడ్డున నిలబడ్డాం" అనిపించండి. వాణ్ణి ఆ వేళప్పుడు చెరువు దగ్గరికి పిలిచిందెవరన్నది మాత్రం కథ చెప్పేవాడికీ తెలియకూడదు. అప్పుడు దాచేది మీరు కాదు, అతని స్నేహితులు. డిటెక్టివ్ కథల రచయిత రొనాల్డ్ నాక్స్ ఆ కథల కోసం 1929లో రాసిన పది నియమాల్లో మొదటిదే ఇది: నేరస్థుడు కథ మొదట్లోనే కనిపించాలి, కానీ అతని ఆలోచనలు పాఠకుడికి వినిపించకూడదు. నియమాలన్నీ పాటించక్కర్లేదు గానీ, దీన్ని తప్పాలంటే చాలా చెయ్యి తిరిగి ఉండాలి.

సగం చెప్పేస్తే బిగువు పోతుందని భయపడకండి. బల్ల కింద బాంబు ఉందని ప్రేక్షకుడికి తెలియకపోతే 15 సెకన్ల ఉలికిపాటు, తెలిస్తే 15 నిమిషాల ఉత్కంఠ అని సస్పెన్స్ సినిమాల దర్శకుడు హిచ్‌కాక్ లెక్క.

మూడోకన్ను:
పై మాటతో ఏకీభవిస్తాను. దానికి ముందు ఒక పట్టిక వేసుకోండి. మనిషికో వరుస, నాలుగు గడులు: కళ్ళతో చూసింది, తర్వాత విన్నది, మిగతావాళ్ళతో ఆడిన అబద్ధం, నిజం బయటపడితే పోగొట్టుకునేది. ఏ రెండు వరుసలైనా ఒకేలా ఉంటే ఆ ఇద్దర్నీ ఒకరిగా కలిపేయండి. ఐదుగురిలో ఒకరు ఎక్కువయ్యే అవకాశమే ఎక్కువ. నాలుగో గడి ఖాళీగా ఉన్నవాడికి నోరు మూసుకోవాల్సిన అవసరమే లేదు, వాడు మొదటి వారంలోనే చెప్పేసి ఉండేవాడు.

ఇక ఆధారం పెట్టే తీరు. "సంచిలోంచి తడి తువ్వాలు, ఒంటి చెప్పు, నానిపోయిన పుస్తకం తీసి ఆరేశాడు." ఇక్కడ అసలు ఆధారం ఆ ఒంటి చెప్పే. చివర పెడితే కంట్లో పడుతుంది, అందుకే మధ్యలో ఉంది. ఆ వాక్యం అయిన వెంటనే ఇద్దరిని పోట్లాడించండి, పాఠకుడి చూపు అటు పోతుంది. ఆ చెప్పును ముగింపుకు ముందు ఇంకొక్కసారి, వేరే మనిషి నోట, మాటవరసకు రానివ్వండి. ఒక్కసారే వస్తే ఎవరికీ గుర్తుండదు.

చిత్తుప్రతి:
ఉపయోగపడింది, ధన్యవాదాలు. మరొకటి: 20 ఏళ్ళు ఎండావానల్లో ఉన్న పడవ మీద లూమినాల్ అనే రసాయనం చల్లి రక్తం పట్టుకున్నట్టు రాశాను. నిలుస్తుందా?

సూక్ష్మదర్శిని:
కథ మొత్తం దాని మీద నిలబెట్టకండి. లూమినాల్ రక్తంలోని ఇనుముతో నీలంగా మెరుస్తుంది, నిజమే. బ్లీచింగ్‌కీ, రాగికీ కూడా మెరుస్తుంది. చీకటి కావాలి, మెరుపు అర నిమిషం అటూ ఇటూ. అది అనుమానం కలిగించే పరీక్షే, రక్తమని తేల్చేది కాదు.

మీ కథలో చెరువుంది కాబట్టి అప్పటి పోస్ట్‌మార్టం నివేదికను వాడుకోండి. నీళ్ళలో డయాటమ్‌లనే సూక్ష్మజీవులుంటాయి, వాటి పెంకులు సిలికావి. ఊపిరి ఉండగా మునిగితే అవి రక్తంతోపాటు ఎముక మజ్జ దాకా చేరగలవు. మజ్జలో దొరికిన రకాలు ఆ చెరువువి కాకపోతే? మనిషి వేరేచోట మునిగాడన్న అనుమానం పుడుతుంది, ఒడ్డున ఉన్నామన్న ఐదుగురిలో ఎవరో అబద్ధమాడినట్టే. ఈ పరీక్ష మీద నిపుణుల్లో వాదాలున్నాయి, కోర్టులో ఇదొక్కటే చాలదు. మీకు కావాల్సింది శిక్ష కాదు కదా, స్నేహితుల మధ్య అనుమానం. దానికి ఇది చాలు.