అప్‌డేట్: అక్క అండాశయాలు ఉంచేశారు

ఫైబ్రాయిడ్ గడ్డలున్న మా అక్కకు (42 ఏళ్లు) గర్భసంచితోపాటు అండాశయాలూ తీసేస్తామని డాక్టరు అంటున్నారు, ఒప్పుకోవాలా అని అడిగాను. మీరంతా చెప్పినట్టే మరో డాక్టరుకు చూపించాం.

ఆవిడ మొదట అడిగింది కుటుంబంలో క్యాన్సర్ గురించి. రొమ్ము, అండాశయ క్యాన్సర్లు మా ఇంట్లో ఎవరికీ లేవు. ఆ క్యాన్సర్ల ముప్పును బాగా పెంచే బీఆర్‌సీఏ1 జన్యులోపం ఉన్నవారికైతే 35–40 ఏళ్ల మధ్యే అండాశయాలు తీయించుకోమని సలహా ఇస్తారట. అక్క అండాశయాలు స్కాన్‌లో బాగానే ఉన్నాయి. వాటిని ఈ వయసులో తీస్తే ఈస్ట్రోజన్ హార్మోన్ ఒక్కసారిగా పడిపోతుంది. వేడి ఆవిర్లు, నిద్రలేమి సరే, ఎముకలు గుల్లబారడం, గుండెజబ్బు ముప్పు పెరగడం అసలు భయం. మొదటిచోట ఈ మాట ఒక్కరూ చెప్పలేదు, నాకు ఇప్పటికీ కోపంగానే ఉంది.

చివరకు గర్భసంచి, అండాన్ని అండాశయం నుంచి గర్భసంచికి చేర్చే ఫాలోపియన్ నాళాలు మాత్రం తీశారు. చాలా అండాశయ క్యాన్సర్లు ఆ నాళాల చివర్లోనే మొదలవుతాయట, అందుకని.

సంతకం పెట్టేముందు ఏయే అవయవాలు తీస్తారో పత్రంలో రాయించుకోండి. సమీరా కోహ్లీ అనే రోగికి పరీక్ష కోసం మత్తిచ్చి, ఆమెను అడగకుండా గర్భసంచి, అండాశయాలు తీసేసిన కేసులో, అలా తీయడం చెల్లదని సుప్రీంకోర్టు 2008లోనే తేల్చింది. తల్లి సంతకం చేసినా సరిపోదంది.

అక్క కోలుకుంది. బరువులు ఎత్తనివ్వడం లేదు. అండాశయాలు మామూలుకన్నా కొంచెం ముందే మందగించవచ్చన్నారు కాబట్టి పరీక్షలకు వెళ్తూనే ఉంటాం.