రేడియోధార్మిక ‘క్షయం’: తరిగేది ఏమిటి?

ప్రశ్న: కొన్ని పుస్తకాల్లో ‘రేడియోధార్మిక క్షయం’ అనీ, కొన్నిటిలో ‘విఘటనం’ అనీ కనిపిస్తోంది. రెండూ ఒకటేనా? పాఠం చెప్పేటప్పుడు ఏది వాడమంటారు?

జవాబు: అస్థిరమైన పరమాణు కేంద్రకం తనంతట తానే మారిపోవడానికి ఈ రెండు మాటలూ వాడుకలో ఉన్నవేనండీ. కానీ ఎక్కడ పడితే అక్కడ వాడితే విషయమే తప్పుగా బుర్రకెక్కుతుంది.

విఘటనం అంటే విడిపోవడం. యురేనియం-238కి ఇది చక్కగా సరిపోతుంది. రెండు ప్రోటాన్లు, రెండు న్యూట్రాన్లు ఆల్ఫా కణంగా బయటికి పోతాయి, థోరియం-234 మిగులుతుంది. చిక్కంతా బీటా (కేంద్రకం నుంచి ఎలక్ట్రాన్ వెలువడే) రకం దగ్గరే. కార్బన్-14లో ప్రోటాన్లు 6, న్యూట్రాన్లు 8. అంత చిన్న కేంద్రకంలో ఈ రెండూ ఇంచుమించు సమానంగా ఉంటేనే స్థిరత్వం. (సీసం-208 లాంటి బరువైన వాటి లెక్క వేరు. అక్కడ 82 ప్రోటాన్లకు 126 న్యూట్రాన్లు కావాలి.) అందుకే కార్బన్-14లో ఒక న్యూట్రాన్ ప్రోటాన్‌గా మారి, ఎలక్ట్రాన్‌నీ, యాంటీన్యూట్రినో అనే ఆవేశం లేని అతి తేలికైన కణాన్నీ వదిలేస్తుంది. ఇప్పుడు ఏడుకి ఏడు. అది నైట్రోజన్-14. ద్రవ్యరాశి సంఖ్య, అంటే ప్రోటాన్లు న్యూట్రాన్ల మొత్తం, 14 చెక్కుచెదరలేదు. ముక్కలైంది ఏదీ లేదు, మూలకం మారిందంతే. దీన్ని విఘటనం అనడానికి నాకు మనసొప్పదు.

ఇక క్షయం. చంద్రుడి వృద్ధిక్షయాలు అంటామే, ఆ క్షయమే: తరుగుదల. అయితే తరిగేది కేంద్రకం కాదు, ఇంకా మారకుండా ఉన్న కేంద్రకాల సంఖ్య. అయోడిన్-131 ఎనిమిది రోజులకు సగం, 16 రోజులకు పావు, 24 రోజులకు అరపావు మిగులుతుంది. తరిగినంత మేరా జినాన్-131 పెరుగుతుంది. అందుకని మొత్తం పదార్థం గురించైతే ‘క్షయం’, ఒక్క కేంద్రకం గురించైతే ‘మారింది’ అంటే చాలు.

మరో సభ్యుడు: బాగా విడమరిచారు. ఇదే పాఠంలో ‘అర్థాయువు’ అని తరచూ అచ్చవుతోంది. ఒత్తు థ కాదు, ఒత్తు ధ. అర్ధం అంటే సగం. ‘ఆయువు’ మీద కూడా నాకు కొంచెం పేచీ ఉంది. కేంద్రకానికి ముసలితనం లేదు. నిన్న పుట్టిన కార్బన్-14కీ, వేల ఏళ్ల నాటి దానికీ రేపు మారిపోయే అవకాశం సమానమే.

జవాబు: నిజమే. అయినా ‘అర్ధాయువు’ స్థిరపడిపోయింది, ఉండనిద్దాం. పక్కనే ‘సగమయ్యే కాలం’ అని ఒక్కసారి రాస్తే, రెండు అర్ధాయువుల్లో సరుకంతా అయిపోతుందని పిల్లలు లెక్కవేయరు.