2011లో స్టేషన్‌కి తీసుకెళ్లి వదిలేశారు, ఎఫ్ఐఆర్ లేదు. ఐ-485లో ఏం రాయాలి?

హన్మకొండ
అందరికీ నమస్కారం. ప్రయారిటీ డేట్ (గ్రీన్ కార్డు వరసలో మా వంతు) వచ్చింది, గ్రీన్ కార్డు దరఖాస్తు ఐ-485 నింపుతున్నాం. మా ఆయన ఫారంలో, పోలీసులు ఎప్పుడైనా పట్టుకున్నారా అన్న ఒక్క ప్రశ్న దగ్గర ఆగిపోయాం. 2011 మార్చి 10న, తెలంగాణ ఉద్యమంలో మిలియన్ మార్చ్ రోజు, ట్యాంక్‌బండ్‌కు వెళ్లే దారిలో పోలీసులు ఆయన్నీ ఇంకొంతమంది విద్యార్థులనూ వ్యాన్ ఎక్కించి తీసుకెళ్లారు. పేర్లు రాసుకుని, సంతకాలు పెట్టించుకుని రాత్రికి వదిలేశారు. కోర్టుకు వెళ్లింది లేదు. ఆ తర్వాత పాస్‌పోర్టు వెరిఫికేషన్‌లోనూ ఏమీ రాలేదు. 2014లో ఎఫ్-1 (స్టూడెంట్ వీసా)కి, తర్వాత హెచ్-1బీ (ఉద్యోగ వీసా) స్టాంపింగ్‌కి వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160లో "నో" అని పెట్టారు. తెలిసినవాళ్లేమో "కేసే లేనప్పుడు మీరే ఎందుకు కెలుక్కోవడం" అంటున్నారు. తెలిసినవారు దారి చెప్పగలరు.

కృష్ణాతీరం
"ఎస్" అనే పెట్టాలండి. కేసు ఉందా లేదా అని ఆ ఫారం అడగట్లేదు. ఏ దేశంలోనైనా, ఏ కారణంతోనైనా పోలీసులు ఎప్పుడైనా మిమ్మల్ని అరెస్టు చేశారా, సైటేషన్ (టికెట్, నోటీసు లాంటిది) ఇచ్చారా, అభియోగం మోపారా, అదుపులోకి తీసుకున్నారా అని అడుగుతోంది. ఈ నాలుగింట్లో ఏ ఒక్కటి జరిగినా జవాబు "ఎస్". రేపు సిటిజన్‌షిప్‌కి ఎన్-400 వేసినప్పుడూ ఇదే అడుగుతారు. కాబట్టి ఈరోజు రాసేది అప్పుడు రాసేదానితో సరిపోవాలి.

ఇక డీఎస్-160 సంగతి. అందులో ప్రశ్న ఇంత విశాలంగా ఉండదు, అరెస్టు అయ్యారా, శిక్ష పడిందా అనే అడుగుతారు. మనవాళ్లు అక్కడే పొరబడతారు. ధర్నాల్లో పట్టుకెళ్లింది ఎక్కువగా పాత సీఆర్‌పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) 151 సెక్షన్ కింద. పత్రికల్లో "ముందస్తు అరెస్టులు" అని వచ్చేవి ఇవే. చట్టం లెక్కలో అదీ అరెస్టే, కాకపోతే 24 గంటలు దాటి ఉంచకూడదు. 2024 జులై 1 నుంచి, దాని స్థానంలో వచ్చిన కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో ఇదే 170వ సెక్షన్. స్టేషన్‌లో ఎవరూ "నిన్ను అరెస్టు చేశాం" అని చెప్పరు గనక, చాలామంది అది అరెస్టు కాదనే మనస్ఫూర్తిగా నమ్మి "నో" పెడతారు.

అమెరికా చట్టంలో శాశ్వతంగా తలుపు మూసేది ఐఎన్ఏ (అక్కడి ఇమిగ్రేషన్ చట్టం) 212(ఏ)(6)(సీ)(ఐ). దాని కింద పడాలంటే రెండూ ఉండాలి: తెలిసి కావాలని అబద్ధం చెప్పడం, ఆ అబద్ధం నిర్ణయాన్ని ప్రభావితం చేయగలిగినదై ఉండడం. అభియోగమే లేని ధర్నా డిటెన్షన్‌ని అర్థం చేసుకోలేక "నో" పెట్టడం ఒక సంగతి. ఇప్పుడు ప్రశ్న స్పష్టంగా అర్థమై కూడా ఐ-485లో "నో" పెట్టడం పూర్తిగా వేరే సంగతి. మీ చేతిలో ఉన్నది రెండోదే, దాన్ని పాడు చేసుకోకండి.

ఇంకొకటి. ఆ సెక్షన్ కింద ఒకసారి తేలితే ఐ-601 మాఫీ కావాలి. దానికి అమెరికా పౌరుడో గ్రీన్ కార్డుదారో అయిన భర్త, భార్య, తల్లి, తండ్రి వీళ్లలో ఒకరుండాలి. అమెరికాలో పుట్టిన పిల్లలు లెక్కలోకి రారు. హెచ్-1బీ మీదున్న మన కుటుంబాల్లో చాలామందికి పిల్లలు తప్ప పౌరులెవరూ ఉండరు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

హన్మకొండ
చాలా థ్యాంక్స్ అండి. "ఎస్" పెడితే కాగితాలు అడుగుతారు కదా. ఏ కాగితమూ లేనిదానికి ఏం పెట్టాలి?

నాంపల్లి వకీలు
కాగితం లేకపోయినా, దాని కోసం వెతికినట్టు కాగితం ఉండాలి అమ్మా. ఐ-485 సూచనల ప్రకారం అరెస్టయి అభియోగం మోపకపోతే, పట్టుకున్న పోలీసు విభాగం ఇచ్చిన లేఖ గానీ, కోర్టు ధ్రువీకరించిన ఉత్తర్వు గానీ పెట్టాలి. హైదరాబాద్‌లో దాన్ని ఇలా పట్టాలి.

ముందు కోర్టు కేసుల వివరాలుండే ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో హైదరాబాద్ కోర్టుల్లో ఆయన పేరు మీద వెతకండి. ఇంటిపేరు ముందూ వెనకా మార్చి, స్పెల్లింగ్ మార్చి వెతకాలి. పోలీసులు తెలుగులో రాసుకున్న పేరు ఇంగ్లీషులోకి ఎలా ఎక్కిందో చెప్పలేం. కేసు దొరికితే సీఎన్ఆర్ నంబర్ (ప్రతి కేసుకూ విడిగా ఉండే నంబర్) రాసుకోండి. ఏమీ లేకపోతే ఆ పేజీ ప్రింటు తీసుకోండి.

తర్వాత సమాచార హక్కు (ఆర్టీఐ) దరఖాస్తు. ఫీజు 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. "ఫలానా తేదీన ఫలానా వ్యక్తిని అదుపులోకి తీసుకున్నట్టు మీ జనరల్ డైరీలో (స్టేషన్ రోజువారీ పుస్తకం) నమోదు ఉందా, ఏ సెక్షన్ కింద, ఎఫ్ఐఆర్ నమోదైందా, అయితే దాని నంబర్, ప్రస్తుత స్థితి" అని నాలుగు ముక్కలే అడగండి. ఎందుకు పట్టుకున్నారు, ఎవరు చెప్పారు లాంటివి అడిగితే సమాచారం కాదని తిప్పి పంపేస్తారు. ఇక్కడ చాలామందికి తప్పేది స్టేషన్ దగ్గరే. పెద్ద ఆందోళనల రోజున పట్టుకునేది ఒక స్టేషన్ వాళ్లు, కూర్చోబెట్టేది గోషామహల్ స్టేడియంలోనో దూరంగా ఉన్న ఇంకో స్టేషన్‌లోనో. రాత్రి ఎక్కడి నుంచి ఇంటికి వచ్చారో అక్కడికి మాత్రమే దరఖాస్తు పెడితే "మా రికార్డుల్లో లేదు" అని వస్తుంది. రెండు చోట్లా పెట్టండి. పాత రికార్డు గడువు తీరి తీసేశారన్న జవాబొచ్చినా అదీ పనికొచ్చే కాగితమే, పారేయకండి.

ఎఫ్ఐఆర్ ఉందని తేలితే కంగారు పడొద్దు. తెలంగాణ వచ్చాక చాలా ఉద్యమ కేసులు ప్రభుత్వం ఎత్తేసింది. అయితే జీవో ఒక్కటే సరిపోదు. పబ్లిక్ ప్రాసిక్యూటర్ పాత సీఆర్‌పీసీ 321 సెక్షన్ కింద కోర్టులో పిటిషన్ వేసి, కోర్టు ఒప్పుకుంటేనే కేసు పోయినట్టు. మీకు కావలసింది ఆ కోర్టు ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీ. ఇక్కడున్న వకీలుతో కాపీ అప్లికేషన్ వేయిస్తే వస్తుంది.

కృష్ణాతీరం
వకీలుగారు చెప్పినదానికి చిన్న చేర్పు. తెలుగులో ఉన్న ప్రతి కాగితానికీ పూర్తి ఇంగ్లీషు అనువాదం ఉండాలి. అనువాదం చేసినవారు "ఇది పూర్తిగా, సరిగ్గా ఉంది, నాకు రెండు భాషలూ వచ్చు" అని రాసి సంతకం పెడితే చాలు, నోటరీ అక్కర్లేదు. సారాంశం రాసి పంపితే తిరిగి అడుగుతారు. స్టాంపుల మీద అక్షరాలు, మార్జిన్‌లో ఎస్ఐ రాసిన ముక్క కూడా అనువాదంలోకి రావాలి.

వివరణ ఐ-485 చివరి అదనపు సమాచారం పేజీలో రాయండి, ఆరేడు వాక్యాలు చాలు. తేదీ, ఊరు, పట్టుకున్న పోలీసు విభాగం, ఆ సమయంలో ఆయన ఏం చేస్తున్నారు, ఎన్ని గంటలు ఉంచారు, ఎలా వదిలారు, తర్వాత కేసు వచ్చిందా, జతపరిచిన కాగితాలేమిటి. ఆ రోజు ట్యాంక్‌బండ్ మీద విగ్రహాలు కూల్చారు, అది అందరికీ తెలిసిన విషయం, అధికారి వెతికితే మొదట కనిపించేది అదే. కాబట్టి ఆయన విధ్వంసంలో పాల్గొనలేదన్నది నిజమైతే ఆ ముక్క స్పష్టంగా ఒక వాక్యంలో ఉండాలి. ఉద్యమ చరిత్ర, పోలీసుల మీద విమర్శ వద్దు. ఫారంలో "నేరం ఏదైనా చేశారా" అనే ప్రశ్న విడిగా ఉంటుంది, దాన్నీ దీన్నీ కలపొద్దు. వివరణలో అడగని నేరాన్ని ఒప్పుకున్నట్టు ఒక వాక్యం పడితే దాని పర్యవసానం వేరు. అందుకే వివరణను, పాత డీఎస్-160 సంగతిని పంపేముందు ఇమిగ్రేషన్ లాయరుకు చూపించాలి. హెచ్-1బీ వేసిన కంపెనీ లాయరు కంపెనీ వైపు మనిషి కూడా. దీనికి సొంతంగా ఒకరిని పెట్టుకోవడం మంచిది.

పాలకొల్లు
మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. మా తమ్ముడికి హైదరాబాద్‌లో 2022లో డ్రంక్ అండ్ డ్రైవ్, బండి పట్టుకుని కౌన్సెలింగ్ ఇచ్చి కోర్టులో ఫైన్ వేశారు. వాడు అది చలానా కిందే లెక్క అంటున్నాడు. 2026లో స్టూడెంట్ వీసాకి వెళ్తున్నాడు.

నాంపల్లి వకీలు
చలానా కాదు బాబూ. మోటారు వాహనాల చట్టం 185 కింద మేజిస్ట్రేట్ ముందు తప్పు ఒప్పుకుని జరిమానా కట్టాడంటే కోర్టు శిక్ష వేసినట్టే. మొదటిసారికి గరిష్ఠంగా 6 నెలల జైలు, 10,000 రూపాయల జరిమానా దాకా ఉన్న నేరం అది. డీఎస్-160లో "ఎస్". ఎస్‌టీసీ నంబర్‌తో (కోర్టు వేసిన కేసు నంబర్) తీర్పు సర్టిఫైడ్ కాపీ, జరిమానా రసీదు తీసుకుని వెళ్లమనండి.

కృష్ణాతీరం
గత 5 ఏళ్లలో మద్యం కేసు ఒకటున్నా, 10 ఏళ్లలో రెండున్నా కాన్సులేట్ వాళ్లు ప్యానెల్ డాక్టరు (వాళ్లు గుర్తించిన డాక్టరు) దగ్గరికి పంపుతారు. ఇంటర్వ్యూ అయ్యాక దానికి సమయం పడుతుంది, కాలేజీ మొదలయ్యే తేదీకి దగ్గరగా స్లాట్ తీసుకుంటే చిక్కు. ఒక్క కేసుతో వీసా పోతుందని లేదు. దాచి దొరికిపోతే మాత్రం పైన చెప్పిన 212 సెక్షనే. కెనడాకైతే అబద్ధానికి 5 ఏళ్ల నిషేధం. పైగా 2018 డిసెంబరు నుంచి తాగి నడపడం అక్కడ తీవ్ర నేరాల కోవలోకి వెళ్లింది, కాబట్టి అటు వెళ్లాలనుకుంటే ముందే లాయరును కలవాలి.

డాలస్ దారి
ఇక్కడ అమెరికాలో స్టోర్‌లో దొంగతనం కేసుల్లో ఇరుక్కున్న విద్యార్థులు చదువుతుంటే వారికోసం ఒక మాట. టెక్సస్‌లో "డిఫర్డ్ అడ్జుడికేషన్ (తప్పు ఒప్పుకుంటే తీర్పు వాయిదా వేసి షరతులు పెట్టడం) తీసుకో, పూర్తయ్యాక కేసు కొట్టేస్తారు, రికార్డు మూసేస్తారు" అని కోర్టు లాయరు చెబుతాడు. రాష్ట్ర చట్టంలో అది నిజమే. ఇమిగ్రేషన్ చట్టంలో తప్పు ఒప్పుకుని, ఏదో ఒక ఆంక్షకు కట్టుబడితే అది శిక్ష పడినట్టే, తర్వాత కొట్టేసినా సరే. వేలిముద్రలు ఎఫ్‌బీఐ దగ్గర ఉంటాయి. మీ రికార్డులో ఏముందో తెలుసుకోవాలంటే 18 డాలర్లకు ఎఫ్‌బీఐ నుంచే తెప్పించుకోవచ్చు.

సరుకు విలువ కూడా చూసుకోవాలి. టెక్సస్‌లో 100 డాలర్ల లోపు అయితే క్లాస్ సీ (అన్నిటికంటే చిన్న నేరం), జరిమానాతో పోతుంది. 100 నుంచి 750 లోపు క్లాస్ బీ, గరిష్ఠం 180 రోజులు. 750 నుంచి 2,500 లోపు క్లాస్ ఏ, గరిష్ఠం ఏడాది. దేశంలోకి వచ్చిన 5 ఏళ్లలోపు చేసిన ఇలాంటి నేరానికి ఏడాది శిక్ష పడే అవకాశముంటే దేశం నుంచి పంపించే నిబంధన వర్తిస్తుంది. అందుకే క్లాస్ ఏని క్లాస్ బీకి దించుకోవడం కోసం పోరాడాలి. తప్పు ఒప్పుకునే ముందు దాని ఇమిగ్రేషన్ పర్యవసానం చెప్పడం మీ క్రిమినల్ లాయరు బాధ్యతని 2010లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది, కాబట్టి మొహమాటపడకుండా అడగండి.

ట్రాఫిక్ టికెట్ల గురించి కూడా తరచూ అడుగుతారు. మద్యం, మత్తుమందు లేకుండా, అరెస్టు లేకుండా, 500 డాలర్ల లోపు జరిమానాతోనో లైసెన్సు పాయింట్లతోనో పోయినవాటికి కాగితాలు పెట్టనక్కర్లేదు. కాగితాల నుంచే మినహాయింపు, జవాబు నుంచి కాదు.

హన్మకొండ
ఆఖరు సందేహం. ఆర్టీఐ జవాబుకు నెల పడుతుంది, ఈలోగా ప్రయారిటీ డేట్ వెనక్కి పోయి మా వంతు తప్పిపోతే?

కృష్ణాతీరం
జవాబు కోసం ఫైలింగ్ ఆపకండి. "ఎస్" పెట్టి, వివరణతో పాటు ఆర్టీఐ దరఖాస్తు కాపీ, దాని పోస్టల్ రసీదు, ఈ-కోర్ట్స్ ప్రింటు జతచేసి పంపండి. "జవాబు రాగానే పంపుతాం" అని వివరణలో ఒక వాక్యం చేర్చండి. జవాబొచ్చాక అనువాదం చేయించి, ఐ-485 రసీదు నంబర్ పైన రాసిన కవరింగ్ లెటర్‌తో పంపండి. ఒరిజినల్ మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి, ఇంటర్వ్యూకి పిలిస్తే అది చేతిలో ఉండాలి.